మొక్క నాటారు సరే, ఆగస్టులో ఎవరొస్తారు?

ప్రియమైన పిల్లలకు,

నవంబరులో మీరు రెడ్‌మండ్‌లో బేర్ క్రీక్ వాగు ఒడ్డున మొక్కలు నాటుతున్న ఫొటోలు ఇండియాలో చుట్టాలందరికీ పంపాను. బురద బూట్లతో భలే ఉన్నారు. వాలంటీర్ అవర్స్ కోసం వెళ్లారని నాకు తెలుసు, తప్పేం లేదు. కానీ నాటడం ఒక్క పూట పని. తర్వాత మూడు నాలుగేళ్లు దాన్ని బతికించాలి, కష్టమంతా అక్కడే. ఆ పనికి అంత మంది రారు. అందుకే ఈ ఉత్తరం.

మీరు నాటిన మొక్కలు సాల్మన్ అనే చేప కోసం. పులస సంగతి మీకు చెప్పాను కదా. గోదావరికి ఎర్రనీళ్లు రాగానే సముద్రంలోంచి ఎదురీదుకుంటూ ధవళేశ్వరం వైపు వస్తుంది. సాల్మన్‌ కూడా గుడ్ల కోసమే ఏటికి ఎదురీదుతుంది. పసిఫిక్ నుంచి సముద్రపు పాయ పుగెట్ సౌండ్‌లోకి వచ్చి, సియాటిల్‌లో బల్లార్డ్ లాక్స్ అనే పడవల గేట్ల దగ్గర చేపల కోసం కట్టిన మెట్లెక్కి, లేక్ వాషింగ్టన్ దాటి, సమామిష్ నదిలో ఎదురీది రెడ్‌మండ్ చేరుతుంది. అక్కడి నుంచి మీ వాగులోకి. గుడ్లు పెట్టాక మాత్రం ఈ సాల్మన్ బతకదు. దాని కళేబరమే వాగుకీ ఒడ్డునున్న చెట్లకీ ఎరువు.

సాల్మన్‌లో చినూక్ అని ఒక రకం ఉంది. ఆడ చినూక్ తోకతో గులకరాళ్లు ఎగజిమ్మి గుంట చేసి, అందులో వేల గుడ్లు పెట్టి, మళ్లీ రాళ్లు కప్పేస్తుంది. ఆ రాళ్ల సందుల్లోంచి చల్లటి నీరు పారుతుంటేనే గుడ్లకు ఊపిరి. ఒడ్డు కోసుకుపోయి మెత్తటి మట్టి ఆ సందుల్లో పేరుకుంటే అంతే సంగతులు. ఒడ్డును గట్టిగా పట్టుకునేవి చెట్ల వేళ్లు. కోహో అనే ఇంకో రకం సాల్మన్ పిల్లలైతే ఏడాదికి పైగా వాగులోనే ఉంటాయి, అంటే ఒక ఎండాకాలమంతా ఇక్కడే గడపాలి. నీళ్లు 20 డిగ్రీలు దాటితే వాటికి ఇబ్బంది, 25 దగ్గరకు వెళ్తే బతకడమే కష్టం. నీడ కావాలి. తిండి కూడా చెట్ల పుణ్యమే: రాలిన ఆకుల్ని నీటి పురుగులు తింటాయి, ఆ పురుగుల్ని చేపపిల్లలు తింటాయి.

ఈ చెట్లన్నీ ఏమయ్యాయని అడుగుతారేమో. కొట్టేశారు. 1960లలో సమామిష్ నది వంపులన్నీ తీసేసి కాలవలా తిన్నగా తవ్వేశారు. ఇంకో వింత, వాగుల్లో పడిన దుంగలు చేపలకు అడ్డమనుకుని అప్పట్లో పనిగట్టుకుని తీయించేవారు. ఆ దుంగల వెనకే మడుగులు ఏర్పడతాయి, చేపపిల్లలు దాక్కునేది వాటిలోనే. ఇప్పుడు క్రేన్లు పెట్టి మళ్లీ అవే దుంగలు పడేయిస్తున్నారు! 1999లో పుగెట్ సౌండ్ చినూక్‌ను ప్రమాదంలో ఉన్న జాతుల చట్టం కింద చేర్చారు. అందరికంటే నష్టపోయింది ఇక్కడి ఆదివాసులు. 1855లో అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందంలో భూములు వదులుకున్నా చేపలు పట్టే హక్కు ఉంచుకున్నారు. ఆ హక్కు కింద పట్టదగ్గ చేపల్లో సగం వాళ్లవేనని 1974లో జడ్జి బోల్ట్ తీర్పిచ్చాడు. చేపలే లేకపోతే సగమెంత, మొత్తమెంత?

ఇక పని సంగతి. మీరు నాటిన విల్లో, రెడ్ ఓసియర్ డాగ్‌వుడ్ ఉత్త పుల్లల్లా ఉన్నాయని నవ్వుకున్నారట. మనూళ్లో మునగ కొమ్మ పాతినట్టే, అవీ కణుపుల దగ్గర వేళ్లూనతాయి. మూడింట రెండు వంతులు భూమిలోకి దిగాలి, మొగ్గలు పైకి ఉండాలి. తలకిందులుగా పాతినవి ఏమైనా ఉంటే ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది.

సియాటిల్ అంటే ఎప్పుడూ వానే అనుకుంటారు గానీ జులై, ఆగస్టుల్లో చినుకు పడటమే తక్కువ. మామూలుగా ఆ రెండు నెలలూ కలిపి రెండంగుళాలు కూడా పడదు. లేత మొక్కలు చచ్చేది అప్పుడే. చుట్టూ వుడ్ చిప్స్, అంటే చెక్క ముక్కలు, మందంగా పరిస్తే తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది. కాండానికి మాత్రం ఆనించకండి, నాలుగు వేళ్ల ఎడం ఉంచండి. ఆనిస్తే బెరడు కుళ్లుతుంది, ఎలుకలు అందులో చేరి కొరికేస్తాయి.

కలుపుల్లో రాక్షసి బ్లాక్‌బెర్రీ. మీకు ఆ పళ్లు ఇష్టమే, నాకూ ఇష్టమే, అయినా ఒడ్డున ఉంచకూడదు. తీగ చివర నేలకు తగిలిన చోటల్లా వేరేస్తుంది. పైపైన కోస్తే నెలలో మళ్లీ లేస్తుంది. మొదలు దగ్గర మట్టి తవ్వితే ముద్దలాంటి దుంప కనిపిస్తుంది, అది మొత్తం ఊడొచ్చేదాకా వదలొద్దు. నాట్‌వీడ్ అనే ఇంకో కలుపు కనిపిస్తే అసలు ముట్టుకోకండి, చిన్న ముక్క తెగి నీళ్లలో పడినా కింద ఎక్కడో మొలుస్తుంది. పెద్దవాళ్లకు చెప్పండి. రీడ్ కెనరీ గడ్డి మనిషెత్తు పెరిగి చలికాలంలో మొక్కల మీద వాలిపోతుంది, అందుకే మొక్క చుట్టూ చేతులతో పీకాలి. గడ్డి కోసే మిషన్ తీగ తగిలి బెరడు చుట్టూ లేచిపోయిందంటే ఇక ఆ మొక్క మీద ఆశ వదులుకోవాల్సిందే.

చెట్లు పెరిగితే అన్నీ బాగైపోతాయని నేను చెప్పను. టైర్ల నుంచి వచ్చే ఒక రసాయనం వాన నీళ్లతో వాగుల్లోకి చేరి కోహోలను చంపుతోందని 2020లో తేల్చారు. దానికి నీడతో మందు లేదు, రోడ్డు నీళ్లను మట్టిలో వడకట్టి వదలాలి. మన చేతిలో ఉన్న పనైతే ఒడ్డు.

సెప్టెంబరు వచ్చాక వాగులోకి దిగొద్దు, కుక్కనీ దింపొద్దు. చుట్టుపక్కల కంటే తెల్లగా, కడిగినట్టున్న గులకరాళ్ల జాగా కనిపిస్తే దాని కింద గుడ్లుంటాయి.

ఆగస్టుకి పొడుగు చేతుల చొక్కాలు, తోలు గ్లౌజులు తెచ్చుకోండి. గుడ్డ గ్లౌజులు బ్లాక్‌బెర్రీ ముల్లుకి ఆగవు.

ఇట్లు,
మీ అమ్మమ్మ