పిల్లలకు దెబ్బలు తగలకూడదని దాచేసిన భాష

అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో బ్రౌనింగ్ అనే చిన్న ఊరుంది. బ్లాక్‌ఫీట్ ఆదివాసుల రిజర్వేషన్‌కి, అంటే వాళ్లకు కేటాయించిన ప్రాంతానికి, అదే కేంద్రం. 1987లో డారెల్ కిప్, డొరోతీ స్టిల్ స్మోకింగ్ మరికొందరితో కలిసి అక్కడ తమ భాషను నిలబెట్టుకునేందుకు పీగన్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ పెట్టారు. అప్పటికి వాళ్ల భాష ధారాళంగా మాట్లాడేవాళ్లు దాదాపు అందరూ వయసు మళ్లినవాళ్లే. భాష వచ్చి కూడా పిల్లలకు ఎందుకు నేర్పలేదని పెద్దల్ని అడిగితే, మాట బడిలో తిన్న దెబ్బల దగ్గరికి వెళ్లింది. ఆ భాష మాట్లాడినందుకే కొట్టారు. తమ పిల్లలకు ఆ గతి పట్టకూడదని నోరు కట్టేసుకున్నారు. ప్రేమతోనే దాచారు. ఈ కథలో నన్ను బాగా కదిలించేది ఇదే.

ఈ బడుల కథ 1879లో పెన్సిల్వేనియాలోని కార్లైల్‌లో ఊపందుకుంది. రిచర్డ్ ప్రాట్ అనే సైనికాధికారి పాత సైనిక శిబిరంలో ఆదివాసీ పిల్లలకు బోర్డింగ్ స్కూలు తెరిచాడు. పిల్లవాడిలోని ఇండియన్‌ని (ఆదివాసులను అక్కడ అలాగే పిలిచేవారు) చంపి మనిషిని కాపాడాలన్నది అతని సిద్ధాంతం. 1892లో ఒక సభలో ఆ మాట బాహాటంగానే అన్నాడు. మొదటి బృందంలో వెళ్లిన లకోటా తెగ కుర్రాడు లూథర్ స్టాండింగ్ బేర్ పెద్దయ్యాక తన అనుభవం రాశాడు. నల్లబల్ల మీద ఏవో గీతలు గీసి ఉన్నాయి. చేతికి ఒక కర్ర ఇచ్చి ఏదో ఒకటి చూపించమన్నారు. చూపించాడు. అవి పేర్లని కూడా అతనికి తెలియదు. అతను చూపించిన గీత 'లూథర్'. దాన్ని తెల్లగుడ్డ పీలిక మీద రాసి చొక్కా వెనక కుట్టారు. తర్వాత జడలు కత్తిరించారు.

ఆదివాసీ బడుల్లో ఇంగ్లీషు తప్ప వేరే భాష వాడకూడదని 1887లో ప్రభుత్వమే ఆదేశించింది. (దాదాపు ఆ కాలంలోనే పర్లాకిమిడిలో మన గిడుగు రామమూర్తిగారు సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించే పనిలో ఉన్నారు. అప్పటికీ వేరే దారి ఉందన్నమాట.) 1969 వరకు అమెరికా ప్రభుత్వం నడిపిన, లేదా సాయం చేసిన ఇలాంటి బడులు 417 అని ఆ దేశ అంతర్గత వ్యవహారాల శాఖ 2024లో లెక్క తేల్చింది. వాటిలో కనీసం 973 మంది పిల్లలు చనిపోయారు. పక్కనే కెనడాలో దాదాపు 1,50,000 మంది పిల్లలు ఇలాంటి బడుల పాలయ్యారు.

బతికి ఇంటికొచ్చినవాళ్ల కష్టం అక్కడితో తీరలేదు. ఏళ్ల తరబడి డార్మిటరీల్లో పెరిగినవాళ్లకు అమ్మానాన్నలు పిల్లల్ని ఎలా పెంచుతారో చూసే అవకాశమే దక్కలేదు. చాలా ఇళ్లలోకి తాగుడు, కొట్టడం వచ్చాయి. అమ్మమ్మతో మాట్లాడే భాష పోయింది. ఒక తరానికి తగిలిన దెబ్బ తర్వాతి తరాల్లో ఎలా సలుపుతుందో లకోటా పరిశోధకురాలు మరియా ఎల్లో హార్స్ బ్రేవ్ హార్ట్ 1980ల నుంచి వివరిస్తూ వచ్చారు.

భాషను తిరిగి నిలబెట్టుకునే దారి మాత్రం పసిఫిక్ దీవుల నుంచి వచ్చింది. 1982లో న్యూజీలాండ్‌లో అక్కడి ఆదివాసులైన మావోరీలు పూర్తిగా తమ భాషలో నడిచే పసిపిల్లల బడులు మొదలుపెట్టి, వాటికి 'భాషా గూళ్లు' అని పేరు పెట్టారు. 1984లో హవాయి వాళ్లు అదే బాట పట్టారు. హవాయి బడులు చూసి స్ఫూర్తి పొందిన బ్లాక్‌ఫీట్ బృందం 1995లో బ్రౌనింగ్‌లో సొంత బడి తెరిచింది. కిప్ తోటివాళ్లకు చెప్పింది సూటిగానే ఉంటుంది: ఎవరి అనుమతీ అడగొద్దు, వాదనలకు దిగొద్దు, పని మొదలుపెట్టండి. బడిలోనే పోగొట్టిన భాషను బడిలోనే తిరిగి పలికించారు. ఏ గదిలో పలికితే దెబ్బలు పడ్డాయో అలాంటి గదిలోనే ఆరేళ్ల పిల్ల అదే భాషలో గట్టిగా లెక్కలు చదువుతుంటే, విన్న ముసలివాళ్ల గుండెలో ఏదో ఒక ముడి వీడకుండా ఉంటుందా!

భాష నిలబడితే మనుషులూ నిలబడతారనడానికి కొంత ఆధారమూ ఉంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 2007లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, కనీసం సగం మందికి సొంత భాషలో మాట్లాడటం వచ్చిన సముదాయాల్లో యువత ఆత్మహత్యలు దాదాపు సున్నా. భాష ఒక్కటే కాపాడిందని దీన్ని బట్టి చెప్పలేం. భాష నిలుపుకున్న చోట ఇంకా చాలా నిలబడి ఉంటాయి. అయినా ఆ లెక్కను పక్కన పెట్టేయడం నావల్ల కాదు.

ఆదివాసీ భాషలను కాపాడటం తమ విధానమని అమెరికా 1990లో చట్టం చేసింది. ఆ బడుల విషయంలో అధ్యక్షుడి క్షమాపణకు మరో 34 ఏళ్లు పట్టింది. 2024 అక్టోబరు 25న అధ్యక్షుడు బైడెన్ అరిజోనాలోని గీలా రివర్‌లో ఆ మాట చెప్పారు. 1871 నుంచి 1969 దాకా ఆ బడుల వ్యవస్థ మీద ప్రభుత్వం పెట్టిన ఖర్చు నేటి విలువలో 2,330 కోట్ల డాలర్ల పైమాటే. భాషల పునరుద్ధరణకు 2024 డిసెంబరులో ప్రకటించిన పదేళ్ల ప్రణాళిక అడిగింది 1,670 కోట్లు. ఆ డబ్బు మంజూరు చేయాల్సింది కాంగ్రెస్, అంటే అమెరికా చట్టసభ. చిన్నప్పటి నుంచి ఆ భాషల్లోనే పెరిగిన పెద్దలు ఏటా తగ్గిపోతున్నారు.