పిడికిట్లో ఇడ్లీ ముక్క

అన్నప్రాసన రోజు బిడ్డ ముందు పుస్తకం, పెన్ను, బంగారం, పూలు పెట్టి, ఏది ముట్టుకుంటుందా అని అందరం చూస్తాం. ఎలా పట్టుకుంటుందో కూడా ఒకసారి గమనించండి. ఆరో నెలలో బొటనవేలూ చూపుడువేలూ కలిపి వస్తువు తీయడం రాదు. వేళ్ళన్నిటితో అరచేతిలోకి లాక్కుని పిడికిలి బిగిస్తుంది. లోపల ఉన్నది నోటికి అందించడం ఇంకా తెలియదు.

అందుకే చేత్తో తినే మొదటి ముక్క చిన్నదైతే లాభం లేదు. మన చూపుడువేలంత పొడుగుండాలి. అప్పుడు సగం పిడికిట్లో ఉంటే, మిగతా సగం చీకడానికి పైకి ఉంటుంది. ఇడ్లీని నిలువుగా కోస్తే ఇంచుమించు ఆ సైజే వస్తుంది. ఆవిరి మీద బాగా ఉడికించిన చిలగడదుంప, గుమ్మడి, క్యారెట్ కూడా మంచివే. రెండు వేళ్ళ మధ్య నొక్కితే చిదిమిపోవాలి, అదే కొలత. పళ్ళు లేకపోయినా అంత మెత్తటిదాన్ని చిగుళ్ళు నలిపేస్తాయి.

ఇడ్లీ పిండిలో ఉప్పు వేసే ముందే బిడ్డ కోసం కొంచెం విడిగా తీసిపెట్టండి. ఏడాది లోపు కిడ్నీలు ఎక్కువ ఉప్పును బయటికి పంపలేవు. తేనె కూడా ఏడాది నిండేదాకా నాకించకూడదు. అందులో ఉండే బొట్యులినమ్ అనే బ్యాక్టీరియా బీజాలు పసివాళ్ళ పేగుల్లో మొలకెత్తి, కండరాల్ని చచ్చుబరిచే విషాన్ని తయారుచేస్తాయి.

పుట్టినప్పుడు ఒంట్లో ఉన్న ఐరన్ నిల్వ ఆరు నెలలకల్లా తరిగిపోతుంది. తల్లిపాలలో అది చాలా తక్కువ. కాబట్టి బాగా ఉడికిన గుడ్డట్టు, మెత్తటి పెసరట్టు పొడుగ్గా కోసి ఇవ్వాలి. పెసరట్టు మీద రెండు చుక్కల నిమ్మరసం పిండితే, అందులోని విటమిన్ సి వల్ల ఐరన్ బాగా ఒంటబడుతుంది.

ఇంట్లో అందరికీ టెన్షన్ ఒక్కదానికే: గొంతులో అడ్డం పడుతుందేమోనని. వాక్‌మని ఓకరించడం వేరు, ఊపిరాడకపోవడం వేరు. ఓకరింత పుట్టించే చోటు పెద్దవాళ్ళకి నాలుక వెనక ఉంటే, ఈ వయసులో బాగా ముందుకు ఉంటుంది. ముక్క కాస్త లోపలికి పోగానే బిడ్డ మొహం ఎర్రబడుతుంది, కళ్ళలో నీళ్ళొస్తాయి, చప్పుడు చేస్తూ దాన్ని బయటికి తోసేస్తుంది. అది రక్షణే. కంగారుపడి నోట్లో వేలు పెడితే ముక్క ఇంకా లోపలికి పోవచ్చు. నిజంగా అడ్డం పడితే చప్పుడుండదు. ఏడవలేదు, దగ్గలేదు, పెదాలు నీలంగా మారతాయి. అప్పుడు బిడ్డను ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పడుకోబెట్టి వీపు మీద భుజాల మధ్య ఐదుసార్లు గట్టిగా చరచాలి. ముక్క రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద ఐదుసార్లు నొక్కాలి. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. తినిపించడం మొదలుపెట్టకముందే దీన్ని పిల్లల డాక్టరు దగ్గర చేసి చూపించమని అడిగి నేర్చుకోండి. అమ్మమ్మలూ తాతయ్యలూ కూడా.

బిడ్డ నిటారుగా కూర్చుని, మనం పక్కనే ఉన్నప్పుడే ఏదైనా పెట్టాలి. పల్లీలు, పచ్చి కొబ్బరి ముక్క, పచ్చి క్యారెట్, గుండ్రటి ద్రాక్షపండు వద్దే వద్దు.

తొమ్మిదో నెల దగ్గరపడేసరికి ఒకరోజు బిడ్డ నేల మీద రాలిన ఆవగింజని రెండు వేళ్ళతో ఏరి నోటి దగ్గరికి తీసుకెళ్తుంది. ఇల్లు శుభ్రంగా ఊడ్చుకోండి. ఆ రోజు నుంచి ఇడ్లీని బఠాణీ గింజంత ముక్కలు చేసి పళ్ళెంలో వేయొచ్చు.