ప్రాసెసర్, కూలర్, ర్యామ్: కొనేముందు వదిలించుకోవలసిన అపోహలు

కంప్యూటర్ అప్‌గ్రేడ్ చేయించుకోవాలని వచ్చేవారు సాధారణంగా ఒక జాబితా పట్టుకుని వస్తారు. ఏదో వీడియో చూసి రాసుకున్నదో, తెలిసిన కుర్రాడు వాట్సాప్‌లో పంపినదో. దాన్ని పక్కన పెట్టి ముందు క్యాబినెట్ పక్క రేకు విప్పుతాను. చాలాసార్లు డబ్బు పెట్టవలసిన చోటు ఆ జాబితాలో ఉండదు. కొన్నిసార్లు ఒక స్క్రూడ్రైవరుతో తీరిపోయే పనికి పాతిక వేలు సిద్ధం చేసుకుని వస్తారు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, కంప్యూటర్ దుకాణాల సముదాయమైన సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) చుట్టుపక్కల రోజూ చెవిన పడే మాటలు కొన్ని చూద్దాం.

అపోహ: ఐ7 ఎప్పుడైనా ఐ3 కన్నా మేలు

"అన్నా, పదిహేను వేలకే ఐ7 ఇస్తున్నారు, తీసుకోనా?" ఈ ప్రశ్నకు నా మొదటి జవాబు మరో ప్రశ్న: ఏ తరం ఐ7? (ఐ3, ఐ5, ఐ7, ఐ9 ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్ల శ్రేణులు; తరం అంటే అది ఏ విడతలో వచ్చిందన్నది.) ఆఫీసులు వదిలేసిన పాత డెస్క్‌టాపులు తుడిచి, ముందు ఐ7 స్టిక్కరు అంటించి అమ్మడం ఇప్పుడు పెద్ద వ్యాపారం. అందులో 2011 నాటి ఐ7-2600 ఉండవచ్చు, 2013 నాటి ఐ7-4770 ఉండవచ్చు. ఇంకాస్త కొత్తదే అనుకుందాం. 2017లో వచ్చిన ఐ7-7700లో 4 కోర్లు (పని చేసే భాగాలు), 8 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు). 2022లో వచ్చిన ఐ3-12100లోనూ అంతే. ఈ రెండింటిలో ఐ3యే వేగంగా పనిచేస్తుంది, స్పష్టమైన తేడాతో. పైగా ఇంటెల్‌లో కొద్ది మినహాయింపులు తప్ప 8వ తరం నుంచి మాత్రమే విండోస్ 11కు అధికారికంగా అనుమతి ఉంది కాబట్టి, 7వ తరానిదైన ఆ ఐ7కు తలుపు మూసుకుపోయింది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కూడా.

గిగాహెర్ట్జ్ (ప్రాసెసర్ వేగం చెప్పే అంకె) లెక్కా ఇలాంటిదే. రెండు వేర్వేరు తరాల చిప్‌లను ఆ అంకెతో పోల్చకండి, అంతే.

అపోహ: సాకెట్‌లో కూర్చుంటే పనిచేసినట్టే

ఇంటెల్ 6, 7 తరాలకూ 8, 9 తరాలకూ సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) పేరు ఒకటే, 1151. 7వ తరం బోర్డులో 8వ తరం ప్రాసెసర్ పెడితే చక్కగా కూర్చుంటుంది, లివరు పడుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది. తెర మీద మాత్రం ఏమీ రాదు. పిన్నుల్లో కరెంటు వెళ్లే దారులు మారాయి. బోర్డు మీది చిప్‌సెట్ (ఏ ప్రాసెసర్లు పడతాయో తేల్చే చిప్) పేరు చూడకుండా ప్రాసెసర్ కొనకూడదనేది ఇందుకే.

ఇంటెల్‌కు పోటీ కంపెనీ ఏఎండీ వారి ఏఎం4 సాకెట్ బోర్డు ఉన్నవారి అదృష్టం వేరు. 2017లో మొదటి తరం రైజెన్ (ఏఎండీ ప్రాసెసర్ల పేరు) కోసం కొన్న బీ350 బోర్డులు కూడా చాలావరకు రైజెన్ 5 5600ను తీసుకుంటాయి. షరతు ఒకటే: పాత ప్రాసెసర్ బోర్డులో ఉండగానే బయోస్ (కంప్యూటర్‌ను మొదట లేపే బోర్డులోని ప్రోగ్రామ్) అప్‌డేట్ చేయాలి. ముందు దాన్ని తీసేసి, అమ్మేసి, కొత్తది పెట్టాక బయోస్ గుర్తొస్తే మళ్లీ ఎవరినైనా పాత చిప్ అరువు అడగాల్సిందే.

ఏఎం4 చిప్ ఊడదీసేటప్పుడు ఇంకో గండం ఉంది. ఏళ్ల తరబడి ఎండిన థర్మల్ పేస్టు (వేడి దాటడానికి చిప్‌కూ కూలర్‌కూ మధ్య పూసేది) కూలర్‌ను చిప్‌కు అతికించేస్తుంది. కూలర్‌ను నిటారుగా పైకి లాగితే లివరు వేసి ఉన్నా సరే, చిప్ సాకెట్ నుంచి పెకలించుకుని దానితో పాటే వస్తుంది, పిన్నులు వంగుతాయి. ఓ పది నిమిషాలు ఏదైనా బరువైన పని నడిపి వేడెక్కించండి. తర్వాత కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పండి. పట్టు వదిలిందని చేతికే తెలుస్తుంది. అప్పుడు ఎత్తండి.

అపోహ: డబ్బా మీద 65 వాట్లు అని ఉంటే ఏ కూలరైనా చాలు

నా లెక్కలో అన్నిటికన్నా ఎక్కువ మోసం చేసే అంకె ఇదే. ఐ7-13700 డబ్బా మీద 65 వాట్లు అని ఉంటుంది. అది మూల వేగంలో లెక్క. టర్బోలో (పని ఎక్కువైనప్పుడు పెంచుకునే వేగంలో) ఇంటెల్ ఇచ్చిన గరిష్ఠ అంకె 219 వాట్లు. ఐ5-13400కు అదే 65, గరిష్ఠం 148. ఏఎండీ 65 వాట్ల రైజెన్‌లైతే 88 దాకా లాగుతాయి. చౌక హెచ్610 బోర్డు మీద, డబ్బాలో వచ్చిన చిన్న కూలర్‌తో ఐ7 బిగిస్తే ఏమీ కాలిపోదు. వేడి పెరగగానే ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. ఐ7 ధర కట్టి ఐ5 పని చేయించుకుంటారు, అంతే. ఆ డబ్బుతో ఐ5, మంచి టవర్ కూలర్, గట్టి బోర్డు వచ్చేవి.

అపోహ: 90 డిగ్రీలు దాటితే ప్రాసెసర్ పాడవుతుంది

రైజెన్ 7000 వరుసలో చాలా చిప్‌లు పూర్తి భారం మీద 95 డిగ్రీల దాకా వెళ్లేలా ఏఎండీయే తయారు చేసింది. ఇంటెల్ 12 నుంచి 14 తరాల వరకు హద్దు 100 డిగ్రీలు. వీడియో రెండరింగ్‌లో 90 కనిపిస్తే బెంగపడనక్కరలేదు. బ్రౌజరు మాత్రమే తెరిచి ఉన్నప్పుడు 85 కనిపిస్తే మాత్రం మూత విప్పాలి. కూలర్ అడుగున ఉండే పల్చటి ప్లాస్టిక్ పొర తీయకుండానే బిగించిన కంప్యూటర్లు ఇప్పటికీ నా బల్ల మీదకు వస్తుంటాయి. "జాగ్రత్త, తీసివేయండి" అన్న అక్షరాలు పేస్టు మీద అచ్చు పడి ఉంటాయి.

మన ఎండల సంగతి కూడా లెక్కలో ఉండాలి. ఏ కూలరైనా గది గాలి కన్నా చల్లగా చేయలేదు. డిసెంబరులో గది 24 డిగ్రీలుంటే 70 చూపించే కంప్యూటరు, అదే పని మీద మే నెలలో 38 డిగ్రీల గదిలో 84 చూపిస్తుంది. కూలర్ చెడిపోలేదు, ఎండ ముదిరింది. ఏఎండీ బోర్డుల్లో ఎకో మోడ్ (కరెంటు తక్కువ లాగే అమరిక) పెట్టి చూడండి, పనితనం కాస్త తగ్గినా వేడి బాగా తగ్గుతుంది, పైసా ఖర్చు లేదు.

అపోహ: లిక్విడ్ కూలింగ్ అంటే ఏసీ పెట్టినట్టే

నీళ్లు చేసేది వేడిని చిప్ దగ్గర నుంచి రేడియేటరుకు మోయడమే. అక్కడ మళ్లీ ఫ్యాన్ గాలే దిక్కు. రెండు టవర్ల మంచి ఎయిర్ కూలర్ 240 మిల్లీమీటర్ల లిక్విడ్ కూలర్‌కు చాలా పనుల్లో దీటుగా నిలుస్తుంది, ధర సగం ఉంటుంది. ఎయిర్ కూలర్‌లో పోయేది ఫ్యాన్ ఒక్కటే, కొత్తది తగిలించుకోవచ్చు. లిక్విడ్‌లో పంపు పోతే మొత్తం పోయినట్టే. 250 వాట్లు లాగే చిప్‌తో గంటల తరబడి పని ఉన్నవారికి పెద్ద రేడియేటర్ అవసరమే, కాదనను. పెట్టించుకుంటే మాత్రం పంపు అన్నిటికన్నా ఎత్తున ఉండకుండా చూడండి. లోపలి గాలి బుడగలు పైకి చేరతాయి, గుడగుడ శబ్దం మొదలవుతుంది.

అపోహ: ర్యామ్ ఎన్ని జీబీలన్నదే ముఖ్యం

ఇక్కడే జనం చేతులారా వేగం పోగొట్టుకుంటారు. టాస్క్ మేనేజర్ తెరిచి మెమరీ పేజీ చూడండి. వాడిన స్లాట్లు ఒకటి అని ఉంటే 16 జీబీ ఒకే స్టిక్కుగా ఉన్నట్టు. అదే 16 జీబీ రెండు 8 జీబీ స్టిక్కులుగా ఉంటే ప్రాసెసర్‌కు రెండు దారులు తెరుచుకుంటాయి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకుండా రైజెన్ 5 5600జీ లాంటి చిప్‌ల మీద ఆటలాడేవారికి ఈ తేడా కంటికే కనిపిస్తుంది. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు స్టిక్కులు పక్కపక్కనే పెట్టకండి. ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి సాధారణంగా రెండోది, నాలుగోది.

అదే పేజీలో వేగం కూడా చూడండి. 3200 అని కొన్న ర్యామ్ 2133 దగ్గర నడుస్తుంటే, బయోస్‌లో ఎక్స్ఎంపీ (ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే అమరిక) ఎవరూ ఆన్ చేయలేదన్నమాట. డీడీఆర్5 (డీడీఆర్4 తర్వాతి తరం ర్యామ్) వాడే ఏఎండీ బోర్డుల్లో దాన్నే ఎక్స్‌పో అంటారు. ఇలా ఏళ్లుగా నడుస్తున్న కంప్యూటర్లు ఎన్నో. నాలుగు స్లాట్లూ నింపాలన్న తహతహ కూడా వద్దు. రైజెన్ 7000కు రెండు స్టిక్కులతో అధికారిక వేగం 5200, నాలుగింటితో 3600.

అపోహ: డీడీఆర్5 వేస్తే వేగం రెట్టింపు

ర్యామ్ మీది సీఎల్ (స్పందనలో ఆలస్యం చెప్పే) అంకెను 2,000తో గుణించి, ర్యామ్ వేగంతో భాగిస్తే తొలి స్పందనకు పట్టే సమయం నానోసెకన్లలో వస్తుంది. డీడీఆర్4 3200 సీఎల్16కు 10. డీడీఆర్5 6000 సీఎల్30కీ 10. చౌకగా దొరికే డీడీఆర్5 4800 సీఎల్40కు దాదాపు 16.7. ఒకేసారి మోసే డేటాలో డీడీఆర్5 ముందుంటుంది నిజమే, కానీ ఇంటి పనుల్లో రెట్టింపు అనేది ఎక్కడా కనబడదు. పాత బోర్డులో ఇది పట్టదు కూడా. రెండింటికీ 288 పిన్నులే అయినా మధ్య గంటు వేరే చోట ఉంటుంది.

2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోయాయి. చేతిలో మంచి డీడీఆర్4 జత ఉన్నవారు దాన్ని అమ్ముకోకండి. ఏఎం4 బోర్డుంటే రైజెన్ 5000 వరుస, లేకపోతే డీడీఆర్4 స్లాట్లున్న ఇంటెల్ 1700 సాకెట్ బోర్డు తీసుకుని అదే ర్యామ్ వాడుకోండి. ఆ సాకెట్‌కు డీడీఆర్4వీ, డీడీఆర్5వీ రెండు రకాల బోర్డులూ వస్తాయి, డీడీఆర్4 పడుతుందో లేదో దుకాణంలోనే చూసుకోండి. 13, 14 తరాల ఐ7, ఐ9 వాడినవి చౌకగా వస్తున్నాయని కొనేముందు మాత్రం ఒక మాట. అధిక వోల్టేజీ వల్ల వాటిలో కొన్ని క్రమంగా దెబ్బతింటున్నాయని 2024లో ఇంటెలే ఒప్పుకుంది, డబ్బాలో అమ్మినవాటికి వారంటీ రెండేళ్లు పెంచింది. బయోస్ అప్‌డేట్ ఇకముందు జరిగే నష్టాన్ని ఆపడానికే, జరిగిపోయినదాన్ని బాగుచేయదు. బిల్లు లేకుండా అమ్మేవారి దగ్గర ఆ చిప్‌లు తీసుకోకండి.