పరమాణువులో ఖాళీ ఎంత ఖాళీ?

పరమాణువులో దాదాపు అంతా ఖాళీయే అని బడిలో చదువుకుంటాం. హైడ్రోజన్ పరమాణువు తన మధ్యలో ఉన్న ప్రోటాన్ కంటే సుమారు 60 వేల రెట్లు పెద్దది కాబట్టి ఆ మాట సబబుగానే అనిపిస్తుంది. కానీ ఎలక్ట్రాన్ ఒకచోట ఉండే గుండు కాదు. దాని తరంగం ఆ చోటంతా పరుచుకుని ఉంటుంది. ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే, ఎలక్ట్రాన్‌ని పక్కన పెట్టినా ఆ చోటు పూర్తిగా నిశ్చలంగా ఉండదు.

విద్యుదయస్కాంత క్షేత్రం లేని చోటంటూ లేదు. కాంతి అంటే అందులో లేచే అలలే. వెలుగూ వేడీ పూర్తిగా తీసేసినా ఆ క్షేత్రం సున్నా దగ్గర ఆగిపోదు. క్షేత్రం విలువ, అది మారే వేగం రెండూ ఒకేసారి కచ్చితంగా సున్నా కావడాన్ని అనిశ్చితి సూత్రం ఒప్పుకోదు. సగటు సున్నాయే, కానీ కొలిచిన విలువలు దానికి అటూ ఇటూ చెదిరి ఉంటాయి. వీటినే క్వాంటం ఒడిదుడుకులు అంటారు. శూన్యంలో కణాల జంటలు పుట్టి క్షణంలో మాయమవుతాయనే వర్ణన బాగా ప్రచారంలో ఉంది. అది లెక్కలోని పదాలకు గీసుకున్న బొమ్మే తప్ప, ఎవరైనా చూడగలిగే సంఘటన కాదు.

మరి ఇదంతా నిజమని ఎలా తెలిసింది? దీనికి నాకు అన్నిటికంటే నచ్చిన సాక్ష్యం హైడ్రోజన్‌లోనే ఉంది. భౌతిక శాస్త్రవేత్త డిరాక్ ఎలక్ట్రాన్ గురించి 1928లో ఇచ్చిన సమీకరణం ప్రకారం హైడ్రోజన్‌లో ఎలక్ట్రాన్ ఉండగలిగే స్థాయిల్లో 2ఎస్, 2పి అనే రెండిటి శక్తి సరిగ్గా సమానం కావాలి. 1947లో కొలంబియా విశ్వవిద్యాలయంలో విల్లిస్ లాంబ్, రాబర్ట్ రెదర్‌ఫోర్డ్ దాన్ని పరీక్షించారు. ముందు వేడి టంగ్‌స్టన్ కొలిమిలో హైడ్రోజన్ అణువుల్ని విడగొట్టి పరమాణువుల ధార తయారుచేశారు. దాని మీదికి ఎలక్ట్రాన్లు కొట్టి కొన్నిటిని 2ఎస్ స్థాయికి చేర్చారు. ఆ స్థాయిలోని పరమాణువు సెకనులో ఎనిమిదో వంతు దాకా నిలుస్తుంది. అందుకే చివర ఉన్న లోహపు పలకను చేరి, అక్కడ ఎలక్ట్రాన్లను వెళ్లగొడుతుంది. 2పి స్థాయి మాత్రం రెండు నానోసెకన్లు కూడా నిలవదు. దారిలో సరైన పౌనఃపున్యం ఉన్న మైక్రోవేవ్ తగిలితే 2ఎస్ కాస్తా 2పి అయిపోతుంది, పలక దగ్గర కరెంటు పడిపోతుంది. ఆ పౌనఃపున్యం రెండు స్థాయిల శక్తిలో ఉన్న తేడాను బట్టి ఉంటుంది కాబట్టి, అవి సమానమైతే అది సున్నా కావాలి. వాళ్లకు సుమారు 1000 మెగాహెర్ట్జ్ వచ్చింది. ఈనాటి విలువ దాదాపు 1058. హైడ్రోజన్ మొదటి శక్తి స్థాయికీ, 2ఎస్, 2పి ఉండే రెండో స్థాయికీ మధ్య ఉన్న మొత్తం తేడాలో ఇది కోటికి నాలుగు వంతులు!

ఈ తేడాకు కారణం ఆ ఒడిదుడుకులే. క్షేత్రం ఎలక్ట్రాన్‌ని కొద్దిగా అదిలిస్తూ ఉంటుంది కాబట్టి, కేంద్రకం దగ్గర దానికి తగిలే ఆకర్షణ కాస్త తగ్గుతుంది. 2ఎస్ తరంగం కేంద్రకం దాకా చేరుతుంది కనుక ఆ స్థాయి పైకి జరుగుతుంది. 2పి తరంగం అక్కడ సున్నా, అందుకే దాని మీద ప్రభావం చాలా తక్కువ.

చిక్కల్లా లెక్క వేయడంలో వచ్చింది. ఒడిదుడుకులన్నీ కలిపితే జవాబు అనంతం! అదే ఏడాది జూన్‌లో అమెరికాలోని షెల్టర్ ఐలండ్‌లో భౌతిక శాస్త్రవేత్తల సమావేశం ముగిశాక, రైలు ప్రయాణంలో హాన్స్ బేతే అనే శాస్త్రవేత్త దీనికి దారి కనుక్కున్నాడు. పరమాణువులో లేని ఎలక్ట్రాన్‌కి కూడా ఈ తాకిడి తప్పదు, అది దాని ద్రవ్యరాశిలో ముందే కలిసి ఉంది. కాబట్టి ఆ భాగాన్ని తీసేయాలి. అలా తీసేసి, లెక్కలోకి తీసుకునే ఒడిదుడుకుల శక్తికి ఒక హద్దు పెడితే మిగిలింది 1040 మెగాహెర్ట్జ్. అనంతాల్ని ఇలా పద్ధతిగా తొలగించే మార్గమే తర్వాత శాస్త్రవేత్తలు ష్వింగర్, ఫైన్‌మన్, టొమొనాగాల చేతిలో పూర్తి సిద్ధాంతమైంది.

ఇప్పుడు ఇదే శూన్యం కొలబద్దగా పనికొస్తోంది. హైడ్రోజన్‌లో ఎలక్ట్రాన్ బదులు, దానిలాంటిదే అయినా 207 రెట్లు బరువైన మ్యువాన్ అనే కణాన్ని పెడితే అది ప్రోటాన్‌కి చాలా దగ్గరగా మసలుతుంది. అక్కడ శూన్యం ప్రభావం ఇంకా ఎక్కువ, ప్రోటాన్ సైజు ప్రభావం కూడా స్పష్టంగా తెలుస్తుంది. శూన్యం వాటా ఎంతో లెక్కగట్టి తీసేస్తే ప్రోటాన్ సైజు బయటపడుతుంది. స్విట్జర్లాండ్‌లో ఇలా కొలిచి 2010లో ప్రకటించిన ఫలితం ప్రకారం ప్రోటాన్ వ్యాసార్ధం అప్పటిదాకా అనుకున్న 0.88 ఫెమ్టోమీటర్లు (ఫెమ్టోమీటర్ అంటే మీటరులో కోటి కోట్ల వంతులో పదో వంతు) కాదు, 0.84.