పద్ధతులు మారాయి, పీరియడ్ కుదురుకోలేదు

తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022లో తొలిమెట్టు కార్యక్రమం మొదలైనప్పటి నుంచి, పిల్లవాడు ఏ తరగతిలో ఉన్నాడని కాక అతనికి నిజంగా ఏం వచ్చో ముందు పరీక్షించి, అక్కడి నుంచే చదవడం, రాయడం, లెక్కలు నేర్పాలన్న మాట చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ సమావేశాల్లో తరచుగా వినిపిస్తోంది. నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లో రిటైర్మెంటుకు దగ్గరపడిన టీచర్లకు ఇందులో చాలా భాగం తెలిసిన సంగతే.

బ్రిటన్ సహాయంతో 1980లలో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, చేసి నేర్చుకోవడం, జట్లుగా పనిచేయడం, పిల్లల మధ్య తేడాలను గమనించడం, ఊరి పరిసరాలను పాఠానికి వాడుకోవడం వంటి ఆరు సూత్రాలను ముందుకు తెచ్చింది. పిల్లలను గుండ్రంగా కూర్చోబెట్టడం, వాళ్ల బొమ్మలను గోడకు తగిలించడం తేలికగానే అలవాటయ్యాయి. ఎవరికి ఏది రాలేదో కనిపెట్టి వారికి తగిన పని ఇవ్వడం మాత్రం అంత తేలికగా పట్టుబడలేదు. ఆ తర్వాత జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం (డీపీఈపీ), సర్వశిక్షా అభియాన్, 2009 విద్యాహక్కు చట్టం వెంట ఏడాది పొడవునా పిల్లల ప్రగతిని గమనించే నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చాయి. కొత్త శిక్షణ మాడ్యూలు వచ్చిన ప్రతిసారీ పాతది బీరువాలోకి పోయింది. నా ఉద్దేశంలో మన లోటు పద్ధతులది కాదు, నిలకడది.

ఈ సంగతిని పరిశోధన కూడా చూపింది. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ రూపొందించిన స్థాయికి తగ్గ బోధనను బిహార్, ఉత్తరాఖండ్‌లలో పరీక్షించినప్పుడు, సామగ్రి, శిక్షణ ఇచ్చి ప్రభుత్వ టీచర్లను మామూలు టైంటేబుల్‌కే వదిలేసిన చోట చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు. 2012-13లో హర్యానాలో రోజూ ఒక గంటను దీనికే కేటాయించి, పర్యవేక్షకులు తామే ముందు పిల్లలకు కొన్నాళ్లు బోధించి చూసి, ఆ తర్వాత బడులకు వెళ్లి టీచర్లకు తోడు నిలిచినప్పుడు భాషలో పిల్లలు మెరుగయ్యారు. పద్ధతి ఒకటే, దానికి టైంటేబుల్‌లో దొరికిన చోటే వేరు.

ఆ చోటు మన దగ్గర దొరకడం ఎంత కష్టమో దేవరకొండ వైపు ఒక తండా బడిలో చూశాను. టీచరు ఒక్కరే, తరగతులు ఐదు, ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లలు. ఆమె ముందురోజు పాఠం పుస్తకం మూయించి, గుర్తున్నంత పలక మీద రాయమన్నారు. మళ్లీ చదవడం కంటే ఇలా గుర్తు తెచ్చుకోవడం వల్లే పాఠం ఎక్కువ రోజులు నిలుస్తుందని 2006లో అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికే జరిపిన ప్రయోగాల్లో తేలింది. మూడో తరగతి పాప ఒకతె ‘బావి’ దగ్గర ఆగి, దీర్ఘం ఎక్కడ పెట్టాలో తోచక బలపం నోట్లో పెట్టుకుంది. టీచరు చెప్పేయకుండా, ఆ మాటను నెమ్మదిగా పలికించి, పాప చేతనే దిద్దించారు.

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ అక్షరాస్యత సుమారు 55 శాతమే. వలస వెళ్లిన తల్లిదండ్రుల వెంట నెలల తరబడి బడికి దూరమైన పిల్లలకు ఇలాంటి పది నిమిషాలు రోజూ దక్కాలి. ఆ టీచరు మరుసటి రోజే శిక్షణకు వెళ్లాల్సి ఉంది, బడిలో ఆమె స్థానంలో ఎవరూ లేరు.