నెట్ స్పీడ్ పెంచినా తగ్గని ఆలస్యం

ఇంటికి 300 ఎంబీపీఎస్ ఫైబర్ వేయించుకున్నా కొన్ని సైట్లు తెరుచుకోవడానికి మీనమేషాలు లెక్కపెడుతుంటాయి. తప్పు మీ నెట్‌ది కాకపోవచ్చు, దూరానిది. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. సైటును నడిపే కంప్యూటర్, అంటే సర్వర్, అమెరికాలోని వర్జీనియాలో ఉందనుకోండి. హైదరాబాద్ నుంచి అది 13 వేల కిలోమీటర్ల పైమాటే. ఒకసారి వెళ్లి రావడానికే కనీసం 130 మిల్లీసెకన్లు. సముద్రం కింది కేబుళ్లు తిన్నగా పోవు కాబట్టి ఆచరణలో అది 200 దాటుతుంది.

పోనీ ఒక్కసారితో అయిపోతుందా? బ్రౌజర్ ముందు కనెక్షన్ కలుపుకోవాలి, తర్వాత రహస్య కీలు కుదుర్చుకోవాలి, ఆపైనే పేజీ అడగాలి. కీలు త్వరగా కుదిర్చే టీఎల్ఎస్ 1.3 పద్ధతి వాడినా మూడు రాకపోకలు. మొదటి అక్షరం రాకముందే అర సెకను హారతి కర్పూరం. ఎంత ఖరీదైన ప్లాన్ తీసుకున్నా కాంతిని తొందరపెట్టలేం కదా!

అందుకే కంటెంట్ డెలివరీ నెట్‌వర్క్‌లు ఫొటోలు, వీడియోలు, కోడ్ ఫైళ్ల కాపీలను మనకు దగ్గర్లోని నగరాల సర్వర్లలో పెడతాయి. చెప్పినంత తేలిక కాదిది. ఏ ఫైలు ఏ సర్వర్‌లో ఉందో తెలిసేదెలా? ఫైలు పేరును సంఖ్యగా మార్చి, సర్వర్ల లెక్కతో భాగించి, శేషం ఎంతొస్తే ఆ నంబరు సర్వర్‌లో పెట్టొచ్చు. పది సర్వర్లలో ఒకటి పాడయ్యేదాకా బాగానే నడుస్తుంది. తొమ్మిదితో భాగించడం మొదలుపెట్టగానే ఫైళ్లలో 90 శాతానికి శేషం మారిపోతుంది. కాపీలు ఉంటాయి, కానీ ఉన్నచోట వెతకం.

1997లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయానికి చెందిన టామ్ లేటన్, డేనియల్ లూయిన్ తదితరులు దీనికి విరుగుడు చూపించారు. సర్వర్లనూ ఫైళ్లనూ ఒకే వలయం మీద బిందువులుగా పెట్టి, ప్రతి ఫైలునూ దాని తర్వాత తగిలే సర్వర్‌కు అప్పగించారు. ఒక సర్వర్ పోతే దాని వాటా ఒక్కటే చేతులు మారుతుంది. దీని పేరు కన్సిస్టెంట్ హ్యాషింగ్. ఆ ఇద్దరూ మరికొందరితో కలిసి 1998లో అకామయ్ అనే కంటెంట్ డెలివరీ నెట్‌వర్క్ సంస్థ పెట్టారు. లూయిన్ 2001 సెప్టెంబర్ 11న హైజాకైన విమానంలో చనిపోయారు. ఆ రోజు వార్తల సైట్ల మీద ఎగబడ్డ జనం తాకిడిని మోసినవాటిలో ఆయన కట్టిన నెట్‌వర్క్ ఒకటి.

బ్యాంకు బ్యాలెన్స్ లాంటివాటికి కాపీ కుదరదు. అయినా లాభముంది, చాలామంది గమనించనిది ఇదే. కనెక్షన్, కీల తతంగం పక్కనున్న సర్వర్‌తోనే ముగుస్తుంది. అది అసలు సర్వర్‌తో కనెక్షన్ ముందే తెరిచి ఉంచుకుంటుంది. మూడు దూరప్రయాణాలు ఒకటవుతాయి.

మిగిలిన తలనొప్పి పాత కాపీలు. లోగో మార్చినా జనానికి పాతదే కనిపిస్తుంటుంది. దీనికి డెవలపర్లు పట్టిన చిట్కా, మార్చిన ప్రతిసారీ ఫైలుకు కొత్త పేరు పెట్టడం. ఆ పేరుతో కాపీ ఎక్కడా లేదు కాబట్టి సర్వర్ కొత్తది తెచ్చుకుని తీరాలి.