యుద్ధ వార్తలు చూసి సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) మెషిన్ కొనకండి: అపోహలు, వాస్తవాలు

గాజులమండ్యం ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో మాది చిన్న మెషినింగ్ యూనిట్. రక్షణ పార్టులు చేసే పెద్ద కంపెనీలకు జాబ్ వర్క్ చేస్తాం. రష్యా, చైనా, ఇరాన్, ఉత్తర కొరియా ఒక్కటయ్యాయని టీవీలో చర్చ పెడితే చాలు, మరుసటి రోజు ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు: "అన్నా, ఇంక ఆర్డర్లే ఆర్డర్లంట కదా, మెషిన్ కొనేద్దామా?"

అపోహ: యుద్ధం ముదిరితే ఆర్డర్లు వెంటనే వచ్చిపడతాయి.

వాస్తవం: రావు. అమెరికానే చూడండి. ఉక్రెయిన్ యుద్ధానికి ముందు నెలకు సుమారు 14,000 ఫిరంగి గుండ్లు (155 మి.మీ.) చేసేది. 2025 చివరికి లక్ష చేస్తామంది. ఆ ఏడాది మధ్యకు కూడా 40,000 దరిదాపుల్లోనే ఉంది. ఉక్కు తొడుగును మాలాంటివాళ్లం లేత్ మీద తిప్పేస్తాం. లోపల కూరే మందు ఎక్కడిది? సొంతగడ్డపై టీఎన్‌టీ తయారీని అమెరికా 1986లోనే ఆపేసింది. గుండును తోసే మందుకు కావాల్సిన పత్తి లింటర్ల (పత్తి గింజకు అంటుకుని ఉండే పొట్టి నూగు) కోసం ఐరోపా చాలావరకు చైనా మీదే ఆధారపడింది. ఎవరిని ఎదుర్కోవాలనుకుంటున్నారో సరుకు వాళ్ల చేతిలోనే ఉంది!

ఇక మన సంగతి. కొత్త యూనిట్ అయితే ముందు శాంపిల్, మెటీరియల్ టెస్ట్ సర్టిఫికెట్, హీట్ ట్రీట్‌మెంట్ రిపోర్టు, ఇన్‌స్పెక్షన్. అన్నీ పాసైనా మొదట వచ్చేది చిన్న ఆర్డరే. బ్యాంకు మాత్రం ఇవేవీ అడగదు, ఈఎంఐ లాగేస్తుంది. చిత్తూరు దగ్గర ఒక తమ్ముడికి వాళ్ల నాయన తోట తాకట్టు పెట్టి మెషిన్ కొనిచ్చాడు. ఇప్పుడు దాని మీద మామిడి గుజ్జు ఫ్యాక్టరీల పంపులకు షాఫ్ట్‌లు చేస్తున్నాడు. పని మంచిదే, కానీ ఆ లోనుకు చాలదు. ఆ పెద్దాయన టెన్షన్ చూస్తే ఏమీ అనబుద్ధి కాదు. వదంతులు మోసుకొచ్చిన ఏజెంట్ మీదే నా కోపమంతా.

అపోహ: ఆ నాలుగు దేశాలూ నాటో లాంటి కూటమి.

కాదు. 2025 జూన్‌లో ఇరాన్ మీద బాంబులు పడినప్పుడు మిగతా ముగ్గురిలో ఎవరూ యుద్ధానికి దిగలేదు. వాళ్ల మధ్య గట్టిగా నడిచేది సరుకు: ఉత్తర కొరియా గుండ్లు, రష్యాలోనే తయారవుతున్న ఇరాన్ డిజైన్ డ్రోన్లు, జపాన్, జర్మనీ మెషిన్లు ఆగిపోయాక వచ్చిన చైనా సీఎన్‌సీలు.

అపోహ: మన దేశానికి రక్షణ సరుకు అందరూ అమ్ముతారు, ఇబ్బంది లేదు.

2021లో 83 తేజస్ యుద్ధ విమానాలకు ఆర్డరిచ్చాం. వాటి అమెరికా ఇంజిన్ మొదటిది వచ్చింది 2025 మార్చిలో.

ఫోన్ చేసేవాళ్లు ముందు పర్చేజ్ ఆర్డర్ కాపీ వాట్సాప్‌లో పెట్టండి. డ్రాయింగ్ కూడా ఉంటే మరీ మంచిది. మెషిన్ సంగతి తర్వాత మాట్లాడదాం.